కడిగిన రూపాయి

సూర్యాపేట బస్టాండు గేటు పక్కన కట్టిన ఫ్లెక్సీలో ఆయన నవ్వుతున్నాడు. ఆటోలో పోతూ చూసి, అక్కడే ఆపించి దిగాను. ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాలుగేళ్ల పరిచయంలో ఆ మనిషి నవ్వగా నేను చూసింది లేదు. ఏ పెళ్లిలోనో ఫొటోగ్రాఫరు బతిమాలి పళ్లు బయటపెట్టించి ఉంటాడు. ఆ తలకాయ ఒక్కటే కత్తిరించి, చుట్టూ పూలు పెట్టి, కింద ‘శ్రద్ధాంజలి, రిటైర్డ్ కండక్టర్’ అని వేశారు. పేరు కూడా వేశారు. దాన్ని నేనిక్కడ రాయను. తన పేరు ఎవరు ఎక్కడ రాస్తున్నా ఎందుకని అడిగిగాని ఊరుకునేవాడు కాదు, ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

అది 2014. ఆయన నాకు తెలిసింది 2010లో, బందుల వల్ల పార్శిళ్లు రోజుల తరబడి ఆలస్యమయ్యే కాలంలో. నేను పనిచేసేది బస్టాండుకు రెండు సందుల అవతల ఒక కొరియర్ ఆఫీసులో. ఆఫీసంటే ఒక షట్టరు, ఒక కంప్యూటరు, ఒక తూకం మిషను, నేను. ఓనరు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి నా మీద అరిచి పోయేవాడు. ఒక మధ్యాహ్నం ఈయన వచ్చాడు. ఖాకీ ప్యాంటు, తెల్ల చొక్కా, చెవి మీద పెన్ను. ఉద్యోగం దిగిపోయి ఏడాదైనా ఖాకీ ప్యాంట్లు వదల్లేదు, బట్ట గట్టిదట. అరచేతిలో ఇమిడే కవరొకటి ఆయన కోసం వచ్చి ఉంది. షీటు ముందుకు తోసి సంతకం పెట్టమన్నాను.

“లోపల ఏమున్నదో సూడకుంట ఎట్ల పెడ్త?”

“రూలు సార్. సంతకం పెట్టినంకనే కవరు ఇయ్యాలె.”

“బస్సు ఎక్కకముందే దిగిన్నని రాసియ్యమన్నట్టున్నది మీ రూలు.”

ఓనరు సంగతి చెప్పాను. కంపెనీ సంగతి చెప్పాను. భోజనం టైమని కూడా చెప్పాను. ఆయన గొంతు పెంచలేదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. కౌంటరు ముందు కాళ్లు ఎడంగా పెట్టుకుని, కదలని నేల మీద కొంచెం ఊగుతూ గంటన్నర నిలబడ్డాడు. మధ్యలో ఇద్దరు ముగ్గురు వస్తే, “జర లోపటికి జరుగుండ్రి, జాగున్నది” అన్నాడు. ఖాళీ ఆఫీసులో ఆ మాట వినేసరికి నాకు నవ్వు ఆగలేదు. చివరికి నేనే కత్తెర తీసి కవరు కోశాను. రూలు సంగతి దేవుడెరుగు, నాకు ఆకలవుతోంది.

లోపల ఒక పాత అర్ధరూపాయి. నిజాం కాలంనాటిది. ఆయన కళ్లు దాని మీద లేవు. బొటనవేలి గోరుతో అంచు చుట్టూ ఒక తిప్పు తిప్పాడు, తర్వాత మధ్యవేలి మీద పెట్టి బరువు చూశాడు, ఆఖరున వెలుతురులో పెట్టి బొమ్మ చూశాడు. బాగానే ఉన్నట్టుంది, సంతకం పెట్టి పోయాడు.

అప్పటి నుంచి ఆయన కవర్లన్నీ నా కౌంటరు మీదే తెరుచుకున్నాయి. సార్ అనడం పోయి కాకా అనడం వచ్చింది. పక్కనున్న ఇంటర్నెట్ షాపులో కూర్చుని, కాదు నిలబడి, పాత నాణేలు అమ్మే సైటు చూసేవాడు. ఆ షాపాయన చేత ఆర్డరు పెట్టించేవాడు. పది వస్తే నాలుగింటిలో అమ్మినవాళ్ల తప్పు ఉండేది. ఫొటోలో ఒక సంవత్సరం, కవర్లో ఇంకో సంవత్సరం. వెండి అని రాసి అయస్కాంతానికి అతుక్కునే బిళ్ల. ఒకసారైతే రాగి పైసా బదులు ఎవరిదో చొక్కా గుండీ వచ్చింది. నేను నవ్వాను. ఆయన గుండీని కూడా గోరుతో తిప్పి చూసి, “అంచు మంచిగనే ఉన్నది” అన్నాడు.

గోరుతో ఎందుకు చూస్తావని అడిగాను. మిర్యాలగూడ రూటులో సంతరోజు బస్సులో మనిషి మీద మనిషి ఉంటే చిల్లర కంటికి కనపడదట, వేళ్లకే తెలియాలట.

“కండ్లు మొగమాటపడ్తయి బిడ్డా. వేళ్లు పడయి.”

ఈ పిచ్చి నీకెందుకని ఇంకోసారి అడిగాను. చేతిలోని బిళ్లను మూసి పట్టుకుని, “ముప్పై ఏండ్లు నా చేతులకెళ్లి ఎన్ని బిళ్లలు పోయినయో లెక్కలేదు. ఒక్కటి నాది కాదు. గివి నావి” అన్నాడు.

తప్పు వచ్చినప్పుడు ఆయన చేసే పని నాకు బాగా నచ్చేది. నోరు చేసుకునేవాడు కాదు. ఉత్తరం రాయించేవాడు. సైటులో ఫిర్యాదు ఇంగ్లీషులోనే రాయాలి, ఆయనకు ఇంగ్లీషు రాదు. తెలుగులో చెప్తే నేను ఆఫీసు కంప్యూటరులో ఇంగ్లీషు చేసి కొట్టేదాన్ని. ప్రతి ఉత్తరమూ ఒకే రకంగా మొదలయ్యేది: ‘నేను అడిగినది అది. మీరు పంపినది ఇది.’ ఒకసారి నేను చిరాకుపడి, ‘మోసం చేశారు’ అని కొడతానన్నాను.

“వద్దు. మొదటి ఉత్తరంల పొరపాటు అనే రాయాలె. పొరపాటంటే ఆయనకు తిరిగొచ్చే తోవ ఉంటది. మోసమంటే తలుపు పెట్టుకుంటడు.”

“తిరిగి రాకపోతే?”

“గప్పుడు రెండో ఉత్తరం ఉన్నది గద.”

రెండో ఉత్తరం, మూడో ఉత్తరం, తొమ్మిదో ఉత్తరం. ఆయనకు ఓపిక అయిపోవడం నేను చూడలేదు. ‘మంచి రేటింగ్ ఇస్తే డబ్బు వెనక్కిస్తాం’ అని ఒకరు బేరం పెడితే, ‘రెండూ వేరు వేరు టికెట్లు’ అని రాయించాడు. దాన్ని ఇంగ్లీషు చేయడానికి నేను అరగంట తలపట్టుకున్నాను. ఇంకొకాయన, రాజస్థాన్ వైపు సేఠు, పొరపాటున ఒకటికి బదులు రెండు వెండి బిళ్లలు పంపాడు. ఈయన తన ఖర్చుతో ఒకటి రిజిస్టర్ పోస్టులో తిప్పి పంపాడు. సేఠు ఫోన్ చేసి ఉంచుకోమన్నాడు. “ఆప్ కీ గల్తీ ఆప్ కే పాస్ రఖో సేఠ్” అని, మీ పొరపాటు మీ దగ్గరే ఉంచుకోమని, ఈయన ఫోన్ పెట్టేశాడు. మా ఓనరు ఆ మాట విని, ఈయనకు కొంచెం పిచ్చి ఉందన్నాడు. మా ఓనరు దగ్గర పొరపాటున ఎక్కువ వచ్చింది ఏదీ ఎప్పుడూ బయటికి పోలేదు కాబట్టి ఆయనకట్లా అనిపించడంలో వింత లేదు.

ఇక అసలు సంగతి. 2012 ఎండాకాలంలో చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయి ఒకటి తెప్పించాడు. సైటులో ఫొటో కళ్లు చెదిరేలా ఉంది. అంచు ఎక్కడా దెబ్బతినలేదని రాసి ఉంది. అమ్మే మనిషిది హైదరాబాద్ అని ఉంది గానీ, కవరు మీద చూస్తే కోదాడలో బుక్కయింది. విప్పితే బిళ్ల నల్లగా, మసి పట్టినట్టు ఉంది. ఆయన గోరు అంచు చుట్టూ తిరిగి, చార్మినార్ నెత్తి దగ్గర ఆగింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అక్కడే ఆగింది.

“గీడ ఏదో ఉన్నది. నువ్వు సూడు.”

నేనూ గోరు పెట్టాను. గరుకుగా తగిలింది. మురికో, మచ్చో తెలియలేదు. ఆయన చాలాసేపు ఆలోచించి సంతకం పెట్టాడు. అనుమానంతో పెట్టిన సంతకం అదొక్కటే.

మర్నాడు షట్టరు తీసేసరికి బయట నిలబడి ఉన్నాడు. అరచెయ్యి తెరిచాడు. రూపాయి తెల్లగా తళతళలాడుతోంది. చార్మినార్ పైన, అంచు మీద, బూడిదరంగు మచ్చ. ఒకప్పుడు ఎవరో అవుసులాయన చేత, అదే కంసాలి చేత, దీనికి దారం దూర్చే చిన్న కొండి అతికించుకుని మెడలో వేసుకున్నారు. ఆ కొండిని ఎవరో ఆకురాయితో అరగదీసి, పైన నలుపు పూశారు. ఆయనది తిరుమలగిరి వైపు, గొర్లు కాసిన ఇల్లు. వాళ్లమ్మ మెడలో ఇట్లాంటి రూపాయల దండ ఉండేదట, చిన్నప్పుడు కుంకుడు పులుసుతో ఆయనే కడిగేవాడట.

“కడిగినవా కాకా?” అన్నాను. పాత నాణెం కడిగితే దాని విలువ పోతుందని ఆయనే నాకు వందసార్లు చెప్పాడు. వాళ్ల ఇంటామె ఎన్నిసార్లు పోరినా, వెండి కడక్కుండా ఇంట్లో పెట్టనని ఎంత గొడవ చేసినా, ఒక్కదాన్నీ తడవనివ్వలేదు.

“రాత్రంత నిద్ర పట్టలే. పొద్దుగాల కుంకుళ్లు నలగ్గొట్టిన. కడిగెదాక చెయ్యి ఆగలే.” తల వంచుకుని చెప్పాడు. “రాయి బిడ్డా. అతుకు మచ్చ దాచి పంపుడు ఆయన పొరపాటు. కడుగుడు నా పొరపాటు. రెండు రాయి.”

నేను మొదటిది కొట్టాను. రెండోది కొట్టలేదు. కడిగానని ఒప్పుకుంటే సైటు రూలు ప్రకారం వాపసు చెల్లదు, అది నాకు తెలుసు. ఆ ముసలాయన నిజం చెప్పి నష్టపోవడం నాకిష్టం లేదు. మేలు చేస్తున్నాననుకున్నాను. “రెండు రాసినవా?” అని అడిగాడు. రాశానన్నాను. బిళ్లను నా చేతుల మీదుగానే ప్యాక్ చేసి కోదాడ పంపాను.

వారం తర్వాత జవాబు వచ్చింది. ‘నేను పంపింది నల్లటి పాత నాణెం. వెనక్కి వచ్చింది తెల్లగా మెరిసేది. కొన్నాయన నాణెం మార్చేశాడు. అయినా సగం డబ్బు ఇస్తాను, ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి.’ కింద సైటువాళ్లు కాక అకౌంటు మీద వేసిన ముద్ర: నాణెం మార్చిన అనుమానం.

చదివి వినిపించాను. “కడిగిన్నని రాస్తిమి గద,” అన్నాడు. “మల్ల మార్చిన్నని ఎందుకంటడు?”

దాచడానికి నాకిక దారి లేదు. రాయలేదని చెప్పాను. ఎందుకు రాయలేదో కూడా చెప్పాను.

ఆయన కౌంటరు ముందున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రెండేళ్లలో మొదటిసారి. ముప్పై ఏళ్ల సర్వీసులో చెకింగ్ వాళ్లు ఎన్నిసార్లు ఆయన బస్సు ఆపినా ఒక్క కేసు రాయలేకపోయారని డిపోలో చెప్పుకునేవారట. అట్లాంటి మనిషి మీద నా మూలంగా దొంగ అనే మాట పడింది. సగం డబ్బు వస్తుంది కదా, తీసుకుని వదిలెయ్ కాకా అన్నాను. సిగ్గులేకుండా ఆ మాట కూడా అన్నాను.

“సగం తీసుకుంటే సగం దొంగనని ఒప్పుకున్నట్టే.” నా ముఖంలోకి చూశాడు. “నువ్వు చేసింది పొరపాటా, మోసమా?”

“పొరపాటే కాకా.”

“అయితే ఆదివారం కోదాడ పోదాం, రా.”

మా ఓనరుకు తెలిస్తే కొరియర్ గొడవల్లో నీకేం పని అంటాడు. తెలియనీ అనుకున్నాను. బస్సులో సీట్లున్నా ఆయన నిలబడే వచ్చాడు. నేను సీట్లో కూర్చుని కిటికీ బయటికి చూస్తూ, అక్కడ ఏం చెప్పాలో మనసులో వల్లించుకుంటూ ఉన్నాను.

కవరు మీది అడ్రసు పట్టుకుని పోతే అదొక జిరాక్స్ షాపు. ముప్పై దాటని మనిషి. మేమెవరమో చెప్పగానే లేచి నిలబడ్డాడు.

“అదేంటండీ, మీరే మార్చేసి మళ్లీ నా మీదకొస్తారేంటి?”

నేను ముందుకు వచ్చి, నా ఎదుటే కవరు విప్పారని, మచ్చ నా గోరుకీ తగిలిందని, ఉత్తరంలో కడిగిన మాట మింగేసింది నేనేనని చెప్పాను. అతను నమ్మలేదు. “మీరూ మీరూ ఒకటే కదండీ” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కాక నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపాడు.

“తమ్మీ, గసుంటి బిళ్లలు ఇంకున్నయా?”

ఉన్నాయి. మిర్యాలగూడలో ఒక వెండి కొట్టుకు కరిగించడానికి వచ్చే పాత దండలను కొంటాడట. కొండీలు తీసి, దీపం మసి నూనెలో కలిపి పూస్తాడట. నల్లగా ఉంటేనే కొనేవాళ్లు పాతదని నమ్ముతారండీ అన్నాడు, తప్పేముందన్నట్టు. గుడ్డసంచి విప్పి కౌంటరు మీద పోశాడు. అన్నీ చార్మినార్ రూపాయలే, అన్నీ నల్లవే. కాక ఒకటి తీసుకుని గోరుతో తిప్పాడు, పక్కన పెట్టాడు. ఇంకొకటి. ఇంకొకటి. అయిదు అట్లా పక్కన పెట్టి, “కుంకుళ్లున్నయా?” అని అడిగాడు.

జిరాక్స్ షాపులో కుంకుళ్లెక్కడివి. నేను పక్క కిరాణా కొట్టుకు పోయి షాంపూ ప్యాకెట్ తెచ్చాను. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, షాంపూ పిండి, అయిదు బిళ్లలూ వేసి వేళ్లతో రుద్దాడు. ఒక్కొక్కటే తీసి తెల్ల కాగితం మీద పెట్టాడు. అయిదింటికీ చార్మినార్ నెత్తి మీద, ఒకే చోట, అదే బూడిద మచ్చ.

“మా బిళ్ల తే. ఆరోది.”

అతను సొరుగులోంచి తీసిచ్చాడు. పక్కన పెడితే ఆరూ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి.

“మెడల ఏసుకుంటే చార్మినార్ నిలువుగ నిలవాలని గీడనే అతికిండు అవుసులాయన. ఒక్క చెయ్యి, ఒక్క దండ. ఈ దండల బిళ్ల నాకు కోదాడకెళ్లి కాకుంట యాడికెళ్లి వచ్చింది? నేను మార్చిన్నా?”

అతను కాగితం మీది బిళ్లలను ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ఫ్యాను కింద షాంపూ వాసన. “అన్నిటికీ ఒకటే ఫొటో పెట్టానండీ” అన్నాడు మెల్లగా. సొరుగు లాగి నోట్లు తీశాడు. “మొత్తం తీసుకోండి. సైటులో మాత్రం ఏం వద్దండీ, నా అకౌంట్ పోద్ది.”

“పైసలు నీ కాడనే ఉండనీ. కడిగిన బిళ్లను నీకిచ్చి పైసలు తీసుకుంటే నా పొరపాటు నీ నెత్తిన రుద్దినట్టయితది. బిళ్ల నాకియ్యి. మార్చలేదని రాసియ్యి.”

“అలా రాస్తే నాకు దెబ్బండీ.”

“దొంగ అని రాసినప్పుడు నాకు తగల్లేదా తమ్మీ?” గొంతు అప్పటికీ పెరగలేదు. “నువ్వొక్కనివే రాయకు. ముందు నాది. బిడ్డా, కొట్టు.”

అతని కంప్యూటరు ముందు నేను కూర్చున్నాను. మూడు పొరపాట్లు, మూడు వరుసలు. నాణెం కడిగింది కొన్నాయన. ఆ సంగతి రాయకుండా దాచింది ఉత్తరం టైపు చేసిన నేను, నా పేరుతో సహా. మచ్చ ఉన్న నాణేనికి మచ్చ లేని ఫొటో పెట్టింది అమ్మినాయన, నాణెం ఎవరూ మార్చలేదు. ప్రతి వరుసా చదివి తెలుగులో చెప్పమన్నాడు. ఈసారి ఒక్క ముక్క వదల్లేదు. అమ్మినతను తన వరుస రెండుసార్లు చదువుకుని, పంపే బటన్ తనే నొక్కాడు.

సైటువాళ్లు నాలుగు రోజులకు జవాబిచ్చారు. నాణెం కడిగినట్టు కొన్నవారే ఒప్పుకున్నారు కాబట్టి వాపసు లేదు. అకౌంటు మీద ముద్ర తీసేస్తున్నాం. కడిగిన మాట రాయకపోతే అంతా మనదే అయ్యేది కదా కాకా అని ఆయన మీదే అరిచాను. ఆయన రెండో వాక్యం మళ్లీ చదవమన్నాడు. చదివాను. ప్రింటు తీయమన్నాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, “జర జరుగుండ్రి” అంటూ తలుపు దగ్గరున్న వాళ్లను దాటుకుని పోయాడు.

నెల తిరక్కముందే ఆ రూపాయిని సూర్యాపేటలోనే ఒక అవుసులాయన దగ్గరికి తీసుకుపోయి, మచ్చ ఉన్న చోటే కొత్త కొండి పెట్టించాడు. నల్లదారానికి ఎక్కించి వాళ్ల ఇంటామె మెడలో వేశాడు. నాణేలు పోగుచేసే వాళ్లెవరికి చెప్పినా గుండె పట్టుకుంటారు. నేనూ పట్టుకున్నాను.

“మచ్చ మచ్చ అని ఇంతమంది అంటిరి,” అన్నాడాయన. “గది కొండి జాగ.”

ఆయన పదో దినం నేను వాళ్లింటికి పోయాను. జనం బాగానే ఉన్నారు, డిపో వాళ్లు, తిరుమలగిరి చుట్టాలు. లోపలి గదిలో ఆడవాళ్లు ఆయన ఇంటామె చుట్టూ కూర్చుని ఒక్కొక్కటే తీస్తున్నారు. గాజులు, మెట్టెలు, పుస్తెలు. ఆమె ఏడవలేదు, అడ్డుపడలేదు. చేతులు చాపమంటే చాపింది, కాళ్లు చాపమంటే చాపింది. వరసకు అత్త అయ్యే ముసలామె ఒకతె, ఆమె మెడలోని నల్లదారం పట్టుకుంది.

“గిది సుత తియ్యాలె బిడ్డా. మొగని సొమ్ము.”

ఆమె రూపాయిని పిడికిట్లో పట్టుకుంది. తీయాలని ఇంకో ఇద్దరు చెప్పారు. ఊరంతా ఏమనుకుంటదని ఒకామె అంది. నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను.

“దీని మీదనే ఆయన్ని దొంగన్నరు,” అందామె, అందరికీ వినపడేలా. “కోదాడ దాక పోయి కాదని రాయించుకొచ్చిండు. అన్ని తీసిచ్చిన. గిది తీసిస్తే అవునన్నట్టయితది. తియ్య.”

ముసలామె దారం వదిలేసింది.